అయస్కాంతం పట్టించుకోని లోహపు రాయి

మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లం రాళ్లను పెద్దగా లెక్కచేయం. మేము వెతికేది నాణేలు, ఉంగరాలు, పాతకాలపు బొత్తాలు. రాయి తగిలితే పక్కకు విసిరి, గుంత పూడ్చి, ముందుకు పోతాం. ఇనుప ఖనిజం పాలు ఎక్కువగా ఉన్న రాళ్లు యంత్రాన్ని బోల్తా కొట్టించడం ఈ వ్యాపకంలో మామూలే. వాటిని ‘హాట్ రాక్’లని తిట్టుకుంటూ ఉంటాం. కోత అయిపోయిన ఒక చేలో, యజమాని అనుమతి తీసుకుని వెతుకుతూ, జానెడు లోతులోంచి ఒక మట్టిగడ్డను పైకి తీసినప్పుడు దాన్నీ అలాగే విసిరేసేవాణ్నే. ఆపింది దాని బరువు. పిడికిలి కన్నా చిన్నదిగా ఉన్న ముద్ద అరచేతిని కిందికి లాగింది.

అంతకు ముందు యంత్రం వినిపించిన కూత కూడా కొంచెం వింతగానే ఉంది. ఇనుప మేకులకు వచ్చే బొంగురు శబ్దం కాదు. మధ్యస్థంగా, నిలకడగా వచ్చింది. తెర మీద కనిపించే సూచిక అంకె ఇనుము ఉండే అడుగు భాగంలో కాకుండా నడుమ ఎక్కడో ఊగుతోంది. ఆ అంకె వస్తువు పేరు చెప్పదు. యంత్రం పంపిన విద్యుదయస్కాంత తరంగానికి నేలలోని వస్తువు ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా బదులిచ్చిందో మాత్రమే చెబుతుంది. వస్తువు విద్యుత్తును ఎంత బాగా ప్రసరింపజేస్తుంది, ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది, ఎంత లోతులో ఉంది, ఇవన్నీ కలిసి ఒకే అంకెగా వస్తాయి. అయినా తవ్వేవాడికి ఆ అంకె మీద ఆశ పుట్టకుండా ఉండదు.

మట్టి కడిగాక అసలు రూపం బయటపడింది. ఒక పక్క పలకలా చదునుగా, మసకగా, ఇసుక అద్దినట్టు గరుకుగా ఉంది. మిగతా పక్కలన్నీ విరిగిన ముఖాలే. అంచులు వాడిగా ఉన్నాయి. విరిగిన ముఖాన్ని ఎండలో తిప్పితే వెండి రంగు మెరుపు ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకింది. దగ్గరగా చూస్తే ఆ మెరుపంతా సన్నని కడ్డీలు. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే దిక్కుకు, చదునుగా ఉన్న ముఖం నుంచి లోపలికి పెరిగినట్టు ఉన్నాయి. నడుమ అక్కడక్కడ చిన్న చిన్న బొరియలు. వాటిలో సూదుల్లాంటివి పొడుచుకుని ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకొకటి. ఎన్నాళ్లో తడి నేలలో పడి ఉన్న లోహానికి ఎక్కడా తుప్పు లేదు.

ఇలాంటిది చేతికి చిక్కితే డిటెక్టర్ వాళ్ల మనసు ముందుగా ఆకాశం వైపే పోతుంది. దానికి కారణమూ ఉంది. ఆస్ట్రేలియాలోని మేరీబరో దగ్గర 2015లో ఒకాయన మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుంటే 17 కిలోల ఎర్రటి బరువైన రాయి దొరికింది. అది బంగారు గనుల ప్రాంతం. రాతి లోపల బంగారం ఉంటుందనుకుని ఆయన రంపంతో కోశాడు, డ్రిల్లు పెట్టాడు, ఆమ్లం పోశాడు, సమ్మెటతో కొట్టాడు. అది పగల్లేదు. కొన్నేళ్లకు మెల్‌బోర్న్ మ్యూజియానికి తీసుకుపోతే, వజ్రపు రంపంతో చిన్న ముక్క కోసి చూసి, సుమారు 460 కోట్ల ఏళ్ల నాటి ఉల్కాశకలమని తేల్చారు. ఈ కథ మా వ్యాపకంలో అందరికీ కంఠతా వచ్చు. దాని రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. జనం ఉల్కలనుకుని తెచ్చిన రాళ్లను ఆ మ్యూజియం భూవిజ్ఞాన నిపుణుడు డెర్మట్ హెన్రీ దశాబ్దాల పాటు వేల సంఖ్యలో పరిశీలించారు. వాటిలో నిజంగా ఉల్కలైనవి రెండే రెండు.

నా రాతికి పెట్టిన మొదటి పరీక్ష అయస్కాంతం. మామూలు చిన్న అయస్కాంతాన్ని దారానికి వేలాడదీసి రాయిని దాని దగ్గరకు తెచ్చాను. రాయి మీదకు అయస్కాంతాన్ని తేవడం కన్నా ఇలా చేస్తే చిన్నపాటి ఆకర్షణ కూడా దారం వాలు మీద కనిపిస్తుంది. బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ముందే వాడకపోవడానికి వేరే కారణం ఉంది. ఉల్కల్లో అవి పుట్టిన కాలం నాటి అయస్కాంత క్షేత్రపు గుర్తు కొన్నిసార్లు మిగిలి ఉంటుంది. బలమైన అయస్కాంతం తగిలితే ఆ గుర్తు చెరిగిపోతుంది, శాస్త్రవేత్తలకు దక్కవలసిన సమాచారం పోతుంది. దారం నిటారుగానే ఉండిపోయింది. ఉల్క ఆశ సన్నగిల్లాక నియోడిమియం తెచ్చి ఆనించాను. అంటుకున్నట్టూ అంటుకోనట్టూ ఏదో చిన్న లాగుడు, అంతే.

ఉల్క సంగతి దాదాపు అక్కడితో ముగిసింది. ఇనుప ఉల్కలు ఇనుము, నికెల్ కలిసిన లోహం. అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటాయి. రాతి ఉల్కల్లో ఎక్కువ భాగం కాండ్రైట్లు. వాటిలోనూ లోహపు రవ్వలు చెదిరి ఉంటాయి కాబట్టి అవి కూడా ఎంతో కొంత ఆకర్షిస్తాయి. చంద్రుడి నుంచి, అంగారకుడి నుంచి వచ్చిన అరుదైన రకాలు అయస్కాంతానికి స్పందించకపోవచ్చు. కానీ అవి చూపుకు మామూలు రాళ్లలాగే ఉంటాయి, ఇలా ముద్దంతా లోహంగా ఉండవు. అంటుకోని లోహపు ముద్ద ఉల్క కాదు. అంటుకుంటే ఉల్క అని మాత్రం అర్థం కాదు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అంటుకుంటుంది, పోత ఇనుము అంటుకుంటుంది, లోహం కరిగించగా మిగిలే కొలిమి చిట్టెం కూడా చాలాసార్లు అంటుకుంటుంది.

‘కాదు’ అని తేలగానే చాలామంది రాయిని గోడవతల పారేస్తారు. నాకది మింగుడుపడదు. ఉల్కా కాదా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది సరే, చేతిలో ఉన్నదానికి ఏదో ఒక పేరు ఉండి తీరాలి కదా.

తర్వాత సాంద్రత చూశాను. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. వంటింటి డిజిటల్ కాటా చాలు. ముందు పొడి రాయిని తూచాను, 1,342 గ్రాములు. తర్వాత నీళ్లున్న గిన్నెను కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, రాయిని దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు. దారం పట్టుకున్న చేయి కదలకుండా ఉండాలి. బొరియల్లో చిక్కుకున్న గాలి బుడగలు పోయేదాకా రాయిని నీళ్లలో తిప్పి తిప్పి కదిలించాలి. అప్పుడు కాటా మీద కనిపించేది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము కాబట్టి అదే రాయి ఘనపరిమాణం కూడా. నాకు వచ్చింది 199. భాగిస్తే 6.7.

ఈ ఒక్క అంకెతో ఎన్ని ఊహలు రాలిపోయాయో! క్వార్ట్జ్ 2.65. మనం రోజూ చూసే రాళ్లలో ఎక్కువ భాగం 3 లోపే. పైరైట్ 5, మాగ్నటైట్, హెమటైట్ 5.2 చుట్టుపక్కల. గెలీనా, అంటే సీసపు ఖనిజం, 7.5. స్వచ్ఛమైన ఇనుము 7.87, సీసం 11.3, బంగారం 19.3. ప్రకృతిలో దొరికే ప్లాటినం ముద్దలు కల్తీ ఎంత ఉన్నా 14కు తగ్గవు. నా దాని లోపల మూసుకుపోయిన బొరియలు కూడా ఉంటాయి కాబట్టి అసలు లోహం 6.7 కన్నా ఇంకొంచెం బరువైనదే అయి ఉండాలి. అంటే మామూలు రాయి కాదు, సీసం కాదు, విలువైన లోహమూ కాదు. ఇనుముకు దగ్గరగా వచ్చి ఇనుముతో కలవని చోట నిలిచింది.

గీకడం, రాయడం మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. వెండిలా మెరిసే బరువైన ఖనిజాల్లో ఆర్సెనోపైరైట్ ఒకటి. సాంద్రత సుమారు 6.1, దానిలో ఆర్సెనిక్ ఉంటుంది. అదేమిటో తెలియని రాయిని పొడిగా అరగదీసి ఆ ధూళి పీల్చడం, పొయ్యి మీద కాల్చి చూడడం ఎవరికీ మంచిది కాదు. సమ్మెటతో కొడితే ఆర్సెనోపైరైట్ నుంచి వెల్లుల్లి వాసన వస్తుంది. అదొక గుర్తు. ఇంకో మాట. గుండ్రంగా, కోలగా, ఎవరో చేసినట్టు కనిపించే తుప్పు పట్టిన ముద్దను కొట్టడం సంగతి అటుంచి తాకకూడదు కూడా. పాత యుద్ధభూముల్లో పేలని ఫిరంగి గుండ్లు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. నాది విరిగిన ముక్క, లోపలంతా కళ్లెదుట కనిపిస్తోంది కాబట్టి ఆ భయం లేదు.

కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని, రాయిని తడిపి, ఒక మూల ఆకురాయి (ఉక్కు ఫైలు) ఆడించాను. జారిపోయింది. బలంగా అదిమి మళ్లీ రాస్తే రాయి మీద ఒక మెరిసే గీత పడింది. తడిగుడ్డతో తుడిచి చూస్తే ఆ గీత రాతిది కాదు, ఆకురాయి నుంచి ఊడిన ఉక్కు. రాయి చెక్కుచెదరలేదు. గాజు ముక్క మీద రాస్తే కిర్రుమని లోతైన గాటు పడింది. పింగాణీ పలక వెనుక, మెరుగు పూయని వైపు రాస్తే ఖనిజాలు తమ పొడి రంగు చూపిస్తాయి. హెమటైట్ ఎరుపు, మాగ్నటైట్ నలుపు, పైరైట్ ఆకుపచ్చ పాలు కలిసిన నలుపు, గెలీనా సీసపు బూడిద. నాది ఏ రంగూ చూపలేదు. పలకనే తొలిచి తెల్లటి గాడి మిగిల్చింది. రాలిన పొడి పింగాణీది.

ఇక్కడికి వచ్చేసరికి ఖనిజాల పట్టీ దాదాపు ఖాళీ అయింది. గెలీనా గోటికి కొంచెమే పైన ఉండే మెత్తని ఖనిజం, విరిగితే ఘనాకారపు ముక్కలు వస్తాయి. ఆర్సెనోపైరైట్‌ను, కోబాల్టైట్‌ను ఆకురాయి కోయగలదు. ఉల్ఫ్రమైట్ కూడా అంత గట్టిది కాదు. తగరపు ఖనిజం కాసిటరైట్ ఒక్కటి బరువులోనూ గట్టితనంలోనూ కొంచెం దగ్గరగా వచ్చి నన్ను ఒక పూట కూర్చోబెట్టింది. కానీ దానిది వజ్రపు తరహా నిగనిగ, ఈ లోహపు మెరుపు కాదు. ఇలా కడ్డీలు కడ్డీలుగా వెండి రంగులోనూ ఉండదు.

పరీక్షలు ఆపబుద్ధి కాలేదు. రాయిని ఒక గిన్నెలో, కొత్త మేకును ఇంకో గిన్నెలో వేసి రెండింటిలోనూ ఉప్పునీళ్లు పోసి ఉంచాను. తెల్లారేసరికి మేకు చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. రాయి ఉన్న నీళ్లు తేటగానే ఉన్నాయి. చివరికి ఒక అంచును సుత్తితో చిన్న దెబ్బ కొట్టాను. ఉక్కయితే సొట్ట పడేది. ఇది పటుక్కున చిట్లి, మెరిసే చిన్న ముక్క దూరంగా పడింది. వెల్లుల్లి వాసన ఏమీ రాలేదు. ఆ ముక్క ఆ తర్వాత బాగా పనికొచ్చింది.

ఈలోగా తెలిసినవాళ్లకు ఫోటోలు పంపాను. ఉల్క అన్నారు, ప్లాటినం అన్నారు, వెండి ఖనిజం అన్నారు, విమానపు ముక్క అని కూడా ఒకరు అన్నారు. ఫోటో చూసి లోహపు రాయికి పేరు పెట్టమనడమే తప్పు. బరువు ఫోటోలో పడదు, గట్టితనం పడదు, అయస్కాంతం సంగతి అసలే పడదు. మెరిసేవన్నీ ఫోటోలో ఒకే రకంగా మెరుస్తాయి.

విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం బోధించే ఒకావిడ చూస్తానంటే తీసుకెళ్లాను. నా కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లడం మంచిదయింది. ఆవిడ ముందు ఆ కాగితం చదివారు, తర్వాతే రాయిని ముట్టుకున్నారు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, రాయిని కంటి దగ్గరకు తెచ్చి, కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పారు. తర్వాత అద్దం నాకిచ్చి, “ఆ బొరియలో సూదుల కొసలు చూడండి” అన్నారు. చూశాను. ఉత్త కంటికి సూదులనిపించినవి నిజానికి సన్నని ఆరు పలకల కడ్డీలు. కొన్నిటి కొసలు మధ్యలో గుల్లగా, గొట్టంలా ఉన్నాయి.

“ఇది నేలలో పుట్టింది కాదండి. కరిగించి పోసింది” అన్నారు ఆవిడ. చదునుగా ఉన్న ముఖాన్ని వేలితో చూపించారు. కరిగిన లోహం చల్లటి నేలను తాకిన చోటు అదేనట. గడ్డకట్టడం అక్కడ మొదలై లోపలికి సాగుతుంది కాబట్టి స్ఫటికాలన్నీ ఆ ముఖానికి నిట్టనిలువుగా, ఒకే దిక్కుకు పెరిగాయి. చివరగా గడ్డకట్టిన చోట లోహం కుంచించుకుపోయి బొరియలు మిగిలాయి. వాటిలో స్ఫటికాల కొసలు స్వేచ్ఛగా నిలిచాయి.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే. “దీంతో పాటు అక్కడ ఇంకేం రాళ్లున్నాయి?”

నేను మెరిసే రాయిని తెచ్చాను. ఆవిడకు మెరవని రాళ్లు కావాలి. రాయి ఎలా ఉంది అన్న దానికన్నా ఎక్కడ, ఎవరి పక్కన ఉంది అన్నదే ఎక్కువ చెబుతుందని నాకు ఆ గదిలో తెలిసింది. నాణేల విషయంలో మేమందరం ఈ పద్ధతే పాటిస్తాం. ఒక నాణెం దొరికితే చుట్టూ వెతుకుతాం. రాతి దగ్గరకు వచ్చేసరికి ఎందుకో దాన్ని ఒంటరిదిగా చూస్తాం.

మళ్లీ ఆ చేనికి వెళ్లి ఈసారి కూత వినకుండా కళ్లతో వెతికాను. రాయి దొరికిన చోటికి కాస్త దూరంలో చేని గట్టు పక్కగా బండ్లు తిరిగే బాట ఉంది. దాని మీద పరిచిన కంకర చేలోకి కూడా జారి పడి ఉంది. వంగి ఒకటి తీసి చూశాను. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు. ఒక పక్క గాజులా నున్నగా ఉంది, పారుతూ గడ్డకట్టిన పాకంలా ముడతలున్నాయి. విరిగిన చోట బఠాణీ నుంచి ఆవగింజ దాకా అన్ని పరిమాణాల్లో గుండ్రని బుడగలు. కొన్ని లావా రాళ్లలోనూ బుడగలుంటాయి కాబట్టి వాటిని చూసి మాత్రమే తీర్మానించలేం. అయితే మరో ముక్కలో, గాజు పొర మధ్యలో, గుండుసూది తలంత వెండి రంగు చుక్క మెరిసింది. డిటెక్టర్‌ను బాట మీదకు తెచ్చి ఆన్ చేస్తే అడుగడుగునా కూత. ఎక్కడ పెట్టినా నా రాయి ఇచ్చిన అంకెకు అటూ ఇటూగానే వస్తోంది.

బాటకు పరిచింది కొండరాతి కంకర కాదు, కొలిమి చిట్టెం.

ఆ కంకర ముక్కలూ, రాయీ, సుత్తి దెబ్బకు రాలిన చిన్న ముక్కా తీసుకుని, ఆవిడ చెప్పిన లోహశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లాను. అక్కడి సాంకేతిక నిపుణుడి దగ్గర తుపాకీ ఆకారంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రే ఫ్లోరసెన్స్) యంత్రం ఉంది. అది ఎక్స్ కిరణాలను వస్తువు మీదకు పంపుతుంది. దెబ్బ తిన్న పరమాణువులు తిరిగి తమ సొంత ఎక్స్ కిరణాలను వెదజల్లుతాయి. ఒక్కో మూలకానిది ఒక్కో శక్తి. ఈ క్రమబద్ధతను 1913లో హెన్రీ మోస్లీ కనిపెట్టాడు. ఇనుముది 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, నికెల్‌ది 7.5, క్రోమియంది 5.4. యంత్రం ఆ శక్తులను వేరుచేసి లెక్కపెడుతుంది.

చూడ్డానికి మంత్రంలా ఉన్నా దానికీ హద్దులున్నాయి. నిపుణుడు ఆ హద్దులే ముందు చెప్పాడు, అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది. అది చూసేది పైపొరనే, కాబట్టి మట్టి గానీ పూత గానీ ఉంటే వాటి సంగతే చెబుతుంది. కార్బన్ లాంటి తేలిక మూలకాలు దానికి అసలు కనిపించవు. లోహాలకు పెట్టే పద్ధతిలో కనిపించినవాటినే మొత్తం నూరు శాతంగా సర్దేస్తుంది, కాబట్టి కనిపించని కార్బన్ వాటా మిగతావాటికి పంచబడుతుంది. ఎవరైనా యంత్రం ఇచ్చిన కాగితం ఒక్కటి చూపించి ‘ఇది ఉల్క, ఇదిగో రుజువు’ అంటే ఈ సంగతులన్నీ అడగాలి.

శుభ్రమైన విరిగిన ముఖం మీద యంత్రాన్ని ఆనించి మీట నొక్కాడు. క్షణాల్లో తెర మీద అంకెలు కుదురుకున్నాయి. క్రోమియం 64 శాతం, ఇనుము 31, సిలికాన్ 3కు పైన, మాంగనీసు కొంచెం, నికెల్ అర శాతం లోపు. ఇనుప ఉల్కలో నికెల్ సాధారణంగా 5 శాతానికి తగ్గదు, క్రోమియం అతి స్వల్పం. ఇక్కడ లెక్క పూర్తిగా తలకిందులు.

“ఫెర్రోక్రోమ్. క్రోమియం, ఇనుము కలిసిన మిశ్రలోహం. కార్బన్ ఎక్కువ ఉన్న రకం” అన్నాడు. ఏ మాత్రం ఆశ్చర్యం లేదు ఆ గొంతులో.

ఆయన ఆ చిన్న ముక్కను రెసిన్‌లో అతికించి, వరుసగా సన్నని గరుకు కాగితాల మీద అరగదీసి, మెరుగుపెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. బూడిద రంగు నేల మీద తెల్లటి షడ్భుజాలు పరుచుకుని ఉన్నాయి. కొన్నిటి నడుమ చిన్న రంధ్రం. భూతద్దంలో నిలువుగా చూసిన కడ్డీలనే ఇప్పుడు అడ్డంగా కోసి చూస్తున్నాను. అవి క్రోమియం, ఇనుము, కార్బన్ కలిసిన కార్బైడ్ స్ఫటికాలు. నా పరీక్షల్లో పొంతన కుదరనివన్నీ ఒక్కసారిగా కలిసిపోయాయి. కార్బైడ్ ఉక్కు కన్నా గట్టిది కాబట్టి ఆకురాయి ఓడిపోయింది, పింగాణీ మీద గాడి పడింది. కార్బైడ్ పెళుసు కాబట్టి దెబ్బకు చిట్లింది. క్రోమియం అంత ఉంది కాబట్టి ఉప్పునీళ్లలో తుప్పు పట్టలేదు. ఇనుము మూడో వంతు దాకా ఉన్నా, క్రోమియంతో కలిసి ఇలాంటి స్ఫటికంలో ఇమిడిపోతే మామూలు ఉష్ణోగ్రత దగ్గర దానికి ఇనుము అయస్కాంత గుణం నిలవదు. అందుకే అయస్కాంతం పట్టించుకోలేదు. ఇలాంటి మిశ్రలోహం సాంద్రత 7కు దగ్గరగా ఉంటుంది. బొరియలు పోను నాకు వచ్చిన 6.7 దానికి సరిపోయింది.

క్రోమియం లోహంగా నేలలో దొరకడం దాదాపు లేదనే చెప్పాలి. దొరికేది క్రోమైట్, అంటే ఇనుము, క్రోమియం, ఆక్సిజన్ కలిసిన నల్లటి ఖనిజం. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ క్రోమియంను మొదట గుర్తించింది మాత్రం క్రోమైట్‌లో కాదు, సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి సీసపు ఖనిజంలో. క్రోమైట్‌ను కోక్ బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే ఆక్సిజన్ పోయి ఫెర్రోక్రోమ్ మిగులుతుంది. ప్రపంచంలో తయారయ్యే ఫెర్రోక్రోమ్‌లో అత్యధిక భాగం స్టెయిన్‌లెస్ స్టీలు తయారీకే పోతుంది. ఆ స్టీలు అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. వంటింట్లో తుప్పు పట్టని గరిటె వెనుక ఉన్నది నా చేతిలోని రాయి లాంటిదే.

కొలిమిలో లోహం అడుగుకు చేరుతుంది, తేలికైన చిట్టెం పైకి తేలుతుంది. విడగొట్టినప్పుడు కొంత లోహం చిట్టెంలో చుక్కలుగా, ముద్దలుగా చిక్కుబడిపోతుంది. చిట్టెం చల్లారాక పగలగొట్టి ఆ లోహాన్ని ఏరుకుంటారు. మిగిలిన చిట్టెం గట్టిది కాబట్టి రోడ్లకూ బాటలకూ కంకరగా వాడతారు. ఏరేటప్పుడు కన్నుగప్పిన ముద్ద ఒకటి కంకరతో పాటు బాట మీదకు, బాట మీద నుంచి నాగలి తోసి చేలోకి వచ్చిందని నా ఊహ. నేను తెచ్చిన కంకర ముక్కలోని వెండి చుక్క మీద నిపుణుడు యంత్రం ఆనిస్తే అదే క్రోమియం, అదే ఇనుము కనిపించాయి. చుక్క చిన్నది, చుట్టూ ఉన్న గాజు కూడా కలిసింది కాబట్టి అంకెలు సరిగ్గా కలవలేదు. ఆ రెండు మూలకాల జోడీ చాలు నాకు.

ఒక హెచ్చరిక కూడా చేశాడు. ముద్దగా ఉన్న ఫెర్రోక్రోమ్ చేతిలో పట్టుకుంటే ఏమీ కాదు. పొడిగా అరగదీసి ఆ ధూళి పీల్చవద్దు, వేడెక్కేలా గ్రైండర్ పెట్టవద్దు అన్నాడు. క్రోమియం కొన్ని రూపాల్లో ఒంటికి మంచిది కాదు.

దాన్ని అమ్మితే వచ్చేది ఏమీ లేదు. ఉల్కల సేకరణలో దానికి చోటు లేదు, ఖనిజాల సేకరణలోనూ లేదు. భూవిజ్ఞానం ఆవిడ మాత్రం ఒక ముక్క అడిగి తీసుకున్నారు. ఉల్క అనుకుని రాళ్లు తెచ్చేవాళ్లకు ముందు దీన్ని చేతికిచ్చి ఇదేమిటో చెప్పమంటారట.

ఆ చేను ఇంకా సగం కూడా వెతకలేదు. బాట వైపు వెళ్లినప్పుడల్లా యంత్రం అదే అంకె చూపిస్తూ కూస్తోంది. ఆ అంకెను వినిపించకుండా ఆపేసే సౌకర్యం యంత్రంలో ఉంది. ఆపలేకపోతున్నాను. డబ్బా మూతల రింగులూ, సన్నని బంగారు ఉంగరాలూ పలికేది ఆ నడిమి అంకెల్లోనే. కాబట్టి ఫెర్రోక్రోమ్ తవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు గుంతలోంచి తీయగానే ఆకురాయితో ఒక్క గీత గీస్తాను. జారిపోయినవి ఒక సంచిలోకి, మిగతావి ఇంకో సంచిలోకి.